పాత కంప్యూటర్‌కి విండోస్ 11 మేలా, లినక్స్ మింట్ మేలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటి నుంచి విశాఖలో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు: "కంప్యూటర్ శుభ్రంగా నడుస్తోంది. పదకొండు ఎక్కదంటోంది. కొత్తది కొనాలా, లినక్స్ వేయించుకోవాలా?"

మా ఇంట్లోదీ అదే కథ. ఇంటెల్ ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ద్వారకానగర్‌లో ఒక షాపులో "దొడ్డిదారిన ఎక్కించేస్తాం సార్" అన్నారు. ఎక్కుతుంది, కాదనను. కానీ అలా ఎక్కించిన మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌తో ఆ టెన్షన్ నాకెందుకు?

మింట్ అంటే విండోస్ బదులు వేసుకునే లినక్స్‌లో ఒక రకం, దానికి డబ్బు పెట్టక్కర్లేదు. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. స్టార్ట్ మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది కాబట్టి అమ్మ పెద్దగా తేడా గమనించలేదు. స్పీడు మాత్రం మింట్ గొప్పే అనుకోకండి. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (అంతకంటే వేగంగా పనిచేసే డిస్క్) వేస్తే విండోస్ కూడా లేచి పరిగెడుతుంది.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది తెలుగు సంగతి. నాన్నగారు రిటైరయ్యాక అసోసియేషన్ నోటీసులన్నీ ఆయనే కొడుతున్నారు. అనూ తెలుగు ఫాంట్లు, యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్, పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్. మింట్‌లో వేరే భాషల్లో టైపు చేయడానికి ఐబస్ అనే ప్రోగ్రామ్ వేసి, దానికి ఎం17ఎన్ అనే లేఅవుట్ల కట్ట జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌తో పాటు యాపిల్ లేఅవుట్ కూడా దొరికింది. మొదటి వారం ఒత్తుల దగ్గర విసుక్కున్నారు, తర్వాత చేయి కుదిరింది. ఇలా యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లకీ ఫోన్లకీ అర్థమయ్యే అక్షరాల పద్ధతిలో, కొట్టింది వాట్సాప్‌లో పెట్టినా ఎవరి ఫోన్‌లోనైనా తెలుగులోనే కనబడుతుందని తెలిశాక ఇంకేమీ అనలేదు.

చిక్కంతా పాత ఫైళ్లతోనే. అనూలో కొట్టినది ఆ ఫాంటు లేనిచోట పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనబడుతుంది. పైగా పేజ్‌మేకర్ లినక్స్‌కి లేదు. అందుకే డిస్క్‌ని రెండు భాగాలు చేసి, విండోస్ 10ని నెట్ తీసేసి ఒక పక్కన ఉంచాం. పాత నోటీసు కావాలంటే అందులోకి వెళ్తాం, మిగతా అంతా మింట్‌లోనే.

ప్రింటర్ ఇంకో గండం. వైఫై ఇంక్‌జెట్‌ని మింట్ తనంతట తానే పట్టేసింది. పాత లేజర్ ప్రింటర్ డ్రైవర్‌తో మాత్రం ఒక ఆదివారం మొత్తం పోయింది. మధ్యాహ్నం బిర్యానీ కూడా చల్లారిపోయింది.

ట్యాలీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ మీద బతికేవాళ్లు, డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు విండోస్‌లోనే ఉండండి. ఇప్పుడే కొనలేకపోతే 2026 అక్టోబర్ 13 వరకు విండోస్ 10కే అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకునే పథకం ఉంది. పాత కంప్యూటర్లకి గూగుల్ ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ అంటారా, బ్రౌజర్ తప్ప ఇంకేమీ వద్దనుకునేవాళ్లకి సరిపోతుంది. మ్యాక్ ఖర్చు వేరే లెక్క.

మింట్‌ని ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ మీంచి నడిపి చూడొచ్చు. అప్పుడే మీ పాత తెలుగు ఫైలు ఒకటి తెరవండి, ఒక పేజీ ప్రింట్ తీయండి. రెండూ కుదిరితే కొత్త కంప్యూటర్ డబ్బు దాచుకోండి. కుదరకపోతే పెన్‌డ్రైవ్ పీకేయండి, మీ విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది.