వింటర్ టైర్లకు వేరే రిమ్ములా, ఉన్న రిమ్ములేనా?

కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు కారుకు వింటర్ టైర్లు (చలిలోనూ రబ్బరు మెత్తగా ఉండే టైర్లు) తప్పనిసరి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది మరి. తేల్చుకోవలసింది రిమ్ముల సంగతే.

ఉన్న అలాయ్ రిమ్ములకే టైర్లు మార్పిస్తే మొదట ఖర్చు తక్కువ. కానీ ఏడాదికి రెండుసార్లు టైర్లు ఊడదీసి, ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేయించాలి. ప్రతిసారీ కూలి, పైగా టైరు అంచు దెబ్బతింటుందేమోనని టెన్షన్. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ అలాయ్‌ని తినేస్తుంది కూడా.

విడిగా స్టీలు రిమ్ములు కొంటే డబ్బు ముందే పోతుంది, దాచడానికి చోటూ కావాలి. అయితే వింటర్ టైర్లు ఎప్పుడూ వాటికే ఎక్కి ఉంటాయి కాబట్టి జాకీ, టార్క్ రెంచ్ (నట్లను సరైన బిగువుకు బిగించే పానా) ఉంటే ఇంటి దగ్గరే చక్రాలు మార్చుకోవచ్చు. టైర్లో గాలి తగ్గితే చెప్పే ప్రెషర్ సెన్సర్లు మాత్రం వాటికీ పెట్టించండి. కారును నాలుగైదేళ్లు ఉంచుకునేవాళ్లకు నేను స్టీలే చెబుతాను.