స్విఫ్ట్ ముందు సస్పెన్షన్ ఇంట్లోనే మార్చాను: మూడేళ్లు, 43 వేల కిలోమీటర్ల తర్వాత

మాది 2013 స్విఫ్ట్, పెట్రోల్. ఉండేది ఖమ్మంలో. ఉద్యోగం పని మీద వారానికి మూడు నాలుగుసార్లు సత్తుపల్లి వైపు వెళ్తాను, నెలకు రెండుసార్లు ఇల్లెందులో అత్తగారింటికి వెళ్తాం. బొగ్గు లారీలు, గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద కారు ముందు చక్రాలు ఎంత దెబ్బ తింటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 92 వేల కిలోమీటర్ల దగ్గర ఎడమవైపు నుంచి చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ఏమీ ఉండేది కాదు, దిగేటప్పుడు మాత్రం ‘టక్’మని ఒక్క దెబ్బ. నెల తిరిగేసరికి చిన్న గతుకుల మీద కూడా గలగలలాడటం మొదలైంది. ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది.

గ్యారేజీలో చూపిస్తే ముందు చక్రాల సస్పెన్షన్ (చక్రాలను బండికి కలిపి, గతుకుల దెబ్బ తీసుకునే భాగాలు) సెట్టు మొత్తం మార్చాలన్నారు, 19 వేలు అవుతుందన్నారు. ఏది పోయిందో చూపించమంటే చూపించలేదు. నాకు అది నచ్చలేదు. వెనక సీట్లో మా పాప కూర్చునే బండి, దాని కింద ఏం అరిగిందో నా కళ్లతో చూడాలనిపించింది. 2022 సంక్రాంతి సెలవుల్లో మా బామ్మర్ది తోడుగా ఇంటి పోర్టికోలోనే పని పెట్టుకున్నాం.

ముందు పరీక్ష. చక్రం లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే ఎడమవైపు సన్నగా ఆడింది. చక్రాన్ని కిందివైపు బండికి కలిపే ఇనుప చెయ్యి లాంటిది లోయర్ ఆర్మ్, అది బండికి కలిసే చోట ఉండే రబ్బరు ముక్క బుష్. ఆ బుష్ దగ్గర పొడవాటి ఇనుప కడ్డీ పెట్టి పైకి నొక్కితే రబ్బరులోని పగులు నోరు తెరిచినట్టు విచ్చుకుంది. లింక్ రాడ్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీకి తగిలించే చిన్న రాడ్) వేళ్లతో కదిపితే ఏ పట్టూ లేకుండా అటూ ఇటూ ఊగింది. ఎడమ షాక్ అబ్జార్బర్ మీద ఆయిల్ కారి దుమ్ముతో కలిసి బురద కట్టింది. కుడివైపు ఇంత లేదు కానీ అదీ ఆ దారిలోనే ఉంది. షాక్ అబ్జార్బర్లు ఒక్కవైపే మారిస్తే బండి సమంగా నడవదు కాబట్టి అన్నీ జతలుగానే కొన్నాను. లోయర్ ఆర్మ్‌లు రెండూ 3,400, షాక్ అబ్జార్బర్లు 4,600, షాక్ అబ్జార్బర్లను పైన బాడీకి కలిపే మౌంట్లు బేరింగులతో 1,500, లింక్ రాడ్లు 700. లింక్ రాడ్లు తప్ప అన్నీ కంపెనీ కౌంటర్లోనే కొన్నాను. ఆ లింక్ రాడ్ల సంగతి తర్వాత చెప్తాను.

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది బాల్ జాయింట్ బోల్ట్. బాల్ జాయింట్ అంటే ఆర్మ్ చివర ఉండే గుండు కీలు. దాని కాడ నకిల్‌లోకి (చక్రాన్ని మోసే ఇనుప భాగం) దూరి ఉంటుంది, దాన్ని ఒక అడ్డ బోల్ట్ బిగించి పట్టుకుంటుంది. ఆ కాడకు చుట్టూ ఒక గాడి ఉంటుంది, బోల్ట్ ఆ గాడిలోంచే పోతుంది. అందుకే బోల్ట్ వదులైతే చాలదు, పూర్తిగా బయటికి రావాలి. ఈ సంగతి తెలియక సగం బోల్ట్ లోపల ఉండగానే అరగంట సుత్తితో కొట్టాం. తుప్పు పట్టి కదలకపోతే డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున్న పానాకు పైపు తొడిగి లాగితే కీచుమంటూ తిరిగింది. తీసి చూస్తే మధ్యలో తుప్పు తిని సన్నబడింది. దాన్ని పారేసి కొత్తది వేశాం.

ఇప్పుడు అసలు విషయం. బుష్ లోపల ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు ఉంటుంది. ఆర్మ్‌ను బండికి కలిపే బోల్ట్ ఈ గొట్టంలోంచి పోతుంది, అది బిగించగానే గొట్టం కదలకుండా పట్టేస్తుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడేటప్పుడు గొట్టం తిరగదు, రబ్బరే మెలిపడుతుంది. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు ఆర్మ్ బాగా కిందికి వంగి ఉంటుంది. అప్పుడే బోల్ట్ గట్టిగా బిగిస్తే, కారు దింపిన క్షణం నుంచి రబ్బరు మెలితిరిగే ఉంటుంది, నిలిపి ఉంచినా సరే. ఇక ప్రతి గతుకూ ఆ మెలిక మీద ఇంకో మెలిక.

ఎడమవైపు నేను చేసింది ఇదే. గాల్లోనే బిగించేశాను. ఆ సాయంత్రం మా వీధిలో ఉండే పాత మెకానిక్ ఒకాయన చూడ్డానికి వచ్చి, "బండి బరువు మీద బిగించినవా తమ్ముడూ?" అని అడిగాడు. మర్నాడు కుడివైపు ఆయన చెప్పినట్టే చేశాను. బోల్ట్‌ను చేత్తో తిరిగినంత వరకే తిప్పి, బాల్ జాయింట్ చివర కింద జాకీ పెట్టి, ఆ మూల జాక్ స్టాండ్ (లేపిన బండిని మోసే ఇనుప స్టాండ్) మీంచి కాస్త తేలేదాకా లేపాను. అంటే ఆ చక్రం మీద పడాల్సిన బరువు ఆర్మ్ మీద పడింది. అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించాను. ఎడమది వదులు చేసి మళ్లీ బిగించడానికి పావుగంట పట్టేది. వీల్ అలైన్‌మెంట్‌కు (మెషిన్ మీద చక్రాల కోణాలు సరిచేయించడం) టైమ్ అవుతోందని వదిలేశాను. అది పూర్తిగా నా తప్పు.

ఫలితం తొమ్మిది నెలల్లో తెలిసింది. 11 వేల కిలోమీటర్లకే ఎడమ ఆర్మ్ ముందు బుష్ చీలిపోయింది. రబ్బరు గొట్టం నుంచి ఒకపక్క ఊడి, వేలి గోరు పట్టేంత సందు వచ్చింది. అదే రోజు కొన్న, అదే కంపెనీ కుడి ఆర్మ్ 43 వేల కిలోమీటర్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. పోయిన నెల కడ్డీ పెట్టి మళ్లీ చూశాను, పైపైన సన్నని గీతలు తప్ప పగులు లేదు. ఎడమవైపు చీలినదాని బదులు వేసిన కొత్త ఆర్మ్‌ను బరువు మీద బిగించాను, అది కూడా 32 వేలు తిరిగి బాగుంది. రోడ్లు అవే, బండి అదే, నడిపేది నేనే. తేడా అంతా బిగించిన పద్ధతిలోనే ఉంది.

లింక్ రాడ్ల సంగతి. విజయవాడ వెళ్లినప్పుడు ఒక షాపులో తక్కువకు వస్తున్నాయని కొన్నాను. డబ్బా, స్టిక్కర్ అన్నీ అసలువాటిలాగే ఉన్నాయి. ఐదు నెలల్లో మళ్లీ గలగల. తర్వాత కంపెనీ కౌంటర్లో 1,100కు జత కొన్నాను, ఇప్పటికీ చప్పుడు లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చేతికే తెలిసింది: అసలుదాని చివర ఉండే బాల్ బొటనవేలితో గట్టిగా తోస్తే గానీ కదల్లేదు, నకిలీది కొత్తగా ఉన్నప్పుడే తేలిగ్గా ఊగింది. వీటి నట్టు విప్పేటప్పుడు కాడ కూడా దాంతో పాటే తిరుగుతుంది, ఎలెన్ కీతో కాడను పట్టుకుని నట్టు తిప్పాలి.

ఇంట్లో చెయ్యని పని ఒకటుంది. షాక్ అబ్జార్బర్‌ను స్ప్రింగ్‌తో సహా దింపి, గ్యారేజీకి పట్టుకెళ్లి, వాళ్ల స్ప్రింగ్ నొక్కే ప్రెస్ మీద మార్పించాను. రెండింటికీ 600 తీసుకున్నారు. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే ప్రాణాలకే ముప్పు. సన్నపాటి స్ప్రింగ్ కంప్రెసర్లు అద్దెకు దొరుకుతాయి, దయచేసి వాటితో ప్రయోగాలు చెయ్యకండి. అలాగే వట్టి జాకీని నమ్మి ఎవరూ బండి కింద తల పెట్టొద్దు. రెండు జాక్ స్టాండ్లకు నాకైంది 1,800. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాం, విప్పిన చక్రాన్ని కూడా బండి కిందికే తోశాం. షాక్ అబ్జార్బర్ విప్పాక నకిల్‌ను తాడుతో కట్టాలి. లేకపోతే అది బయటికి ఒరిగి డ్రైవ్ షాఫ్ట్‌ను (ఇంజిన్ బలంతో చక్రాన్ని తిప్పే కడ్డీ) లోపలి జాయింట్ దగ్గర లాగేస్తుంది, బ్రేక్ పైపు మీదా బరువు పడుతుంది.

పని అయిన రోజే అలైన్‌మెంట్ చేయించడం మానకండి. స్టీరింగ్ నిటారుగా ఉన్నట్టే అనిపించినా మెషిన్ మీద టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) బాగా తప్పి ఉంది. ఆ తర్వాత వేసిన టైర్లు 30 వేలు తిరిగినా లోపలా బయటా సమంగా అరిగాయి.

మొత్తం లెక్క చూస్తే, మొదటి విడతకు సామాను 10,200, స్ప్రింగుల పని 600, అలైన్‌మెంట్ 500. ఎడమ ఆర్మ్ రెండోసారి 1,700, మంచి లింక్ రాడ్లు 1,100. జాకీ, స్టాండ్లు, టార్క్ రెంచ్ కలిపి ఇంకో 7,500 అయ్యాయి, అవి ఇంట్లోనే ఉన్నాయి. కాబట్టి మొదటిసారికే డబ్బు మిగులుతుందని దిగొద్దు. రెండు రోజుల ఖాళీ, తోడుగా ఇంకో మనిషి, చదునైన గచ్చు ఉంటేనే పెట్టుకోండి. లింక్ రాడ్లు అయితే కొత్తవాళ్లు కూడా ఒక పూటలో మార్చుకోవచ్చు.

బండి ఇప్పుడు 1,35,000 దగ్గర ఉంది. ఎడమ షాక్ అబ్జార్బర్ పొడిగా ఉంది. కుడిదాని మీద సన్నగా ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది, ఇంకా కారట్లేదు. నెలకోసారి గుడ్డతో తుడిచి మళ్లీ ఎంత చేరిందో చూస్తున్నాను. కారడం మొదలైతే రెండువైపులా ఒకేసారి మారుస్తాను.