గది మోతకు ఏది మేలు: పీల్చే ప్యానెలా, చెదరగొట్టే చెక్కా?

సిమెంటు గోడలు, ఆర్సీసీ శ్లాబు, టైల్స్ నేల ఉన్న మన గదుల్లో చప్పట్లు కొడితే వినిపించే గణగణ మోతను అదుపు చేయడానికి రాక్‌వూల్ (రాతి పీచు) ప్యానెళ్లు ఒక మార్గమైతే, ఇంట్లోనే చేసుకోగల చెక్క డిఫ్యూజర్ (శబ్దాన్ని చెదరగొట్టే గాడుల పలక) మరొకటి.

ప్యానెల్‌లోని పీచులు శబ్దశక్తిని ఘర్షణ ద్వారా వేడిగా మారుస్తాయి. అయితే 5 సెంటీమీటర్ల మందంతో గోడకు ఆనించి పెట్టినది మాటకు స్పష్టతనిస్తుందే గాని, దాదాపు 3.4 మీటర్ల తరంగదైర్ఘ్యం గల 100 హెర్ట్జ్ మంద్ర ధ్వనిపై పెద్దగా ప్రభావం చూపదు. అందుకే వెనుక కొంత ఖాళీ వదలాలి, మూలల్లో మరింత మందంగా అమర్చాలి. గుడ్ల అట్టలు శబ్దాన్ని పీల్చే పని చేస్తాయన్న నమ్మకం వట్టిదే.

డిఫ్యూజర్ శబ్దాన్ని ప్రధానంగా మింగదు, పలు దిక్కులకు చెదరగొడుతుంది. 1970లలో జర్మన్ భౌతికశాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ రూపొందించిన పద్ధతిలో గాడుల లోతులు 0, 1, 4, 2, 2, 4, 1 నిష్పత్తిలో ఉంటాయి. కొలతలు తప్పని వడ్రంగికి ఇది కష్టమేమీ కాదు. కానీ వినేవారు దానికి మరీ దగ్గరగా కూర్చుంటే ఫలితం దక్కదు.

పదడుగుల చదరపు గదిలో రికార్డింగ్ చేసేవారు ముందుగా ప్యానెళ్లకే ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం. వీణ, వయొలిన్ సాధన చేసే పెద్ద హాలులో మాత్రం ప్యానెళ్లు ఎక్కువైతే నాదం చప్పబడిపోతుంది గనుక, అక్కడ వెనుక గోడకు చెక్కే తగినది.