ఫిల్మ్ వర్క్‌షాప్: రెండు రోజులదా, ఆరు ఆదివారాలదా?

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు దిగుతాయి. 'రెండు రోజుల్లో షార్ట్ ఫిల్మ్ తీయడం నేర్చుకోండి, పిల్లలకూ పెద్దలకూ' అని. మా అపార్ట్‌మెంట్ కమిటీ కూడా ఈసారి ఒకటి పెట్టిద్దామంటోంది. హాలుంది, ప్రొజెక్టరుంది. ఇక చర్చంతా ఫీజు ఎంత, కెమెరా ఎవరు తెస్తారు అన్న రెండింటి చుట్టూనే. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: తీసింది చూసుకుని, బాగోలేకపోతే మళ్లీ తీసుకునే వీలు ఎన్నిసార్లు దొరుకుతుంది?

ముందు రెండు రోజుల దాని గురించి. దాన్ని తీసిపారేయలేం. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు శని, ఆదివారాలైతేనే వస్తారు. నేర్పేవాళ్లను బయటి నుంచి పిలిపించాలన్నా రెండు రోజులకైతే ఒప్పుకుంటారు. మొదలుపెట్టింది పూర్తవుతుంది, ఆదివారం రాత్రికి ఏదో ఒక సినిమా తెర మీద కనిపిస్తుంది, పిల్లలు ఈలలు వేస్తారు. ఆ సంబరం తక్కువదేం కాదు.

చిక్కంతా ఆదివారం సాయంత్రం వస్తుంది. మామూలుగా జరిగేది ఇది. తాతయ్య, మనవరాలు మాట్లాడుకునే సీను ఎవరింటి హాల్లోనో తీస్తారు. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, వంటింట్లో కుక్కరు మూడో విజిల్ వేస్తుంది. తీసేటప్పుడు ఎవరికీ అది పట్టదు, మన చెవులు వాటికి అలవాటుపడిపోయాయి మరి. ఐదింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తెలుస్తుంది, తాతయ్య మాటల్లో సగం ఫ్యానే మింగేసిందని. మళ్లీ తీసే టైం లేదు. అప్పుడేం చేస్తారు? పైన ఓ ఫ్లూట్ మ్యూజిక్ పరిచేస్తారు. ఎడిటింగ్ వచ్చిన ఒక్క మనిషి మౌస్ పట్టుకుంటాడు, మిగతావాళ్లు వెనక నిలబడి సమోసాలు తింటారు. చివరికి తెర మీద పడేది నేర్పడానికొచ్చినాయన సినిమా. పేర్లు మాత్రం పిల్లలవి.

అదే ఆరు ఆదివారాలు, రోజుకు రెండు గంటల చొప్పున పెట్టారనుకోండి. అదే సీను, అదే ఫ్యాను. కానీ తీసింది అక్కడికక్కడే ప్రొజెక్టర్ మీద చూస్తారు. 'ఏంటీ, తాతయ్య మాట వినపడట్లేదు' అని వెనక బెంచీ పిల్లే అంటుంది. వచ్చే ఆదివారం ఫ్యాను ఆపి, కిటికీలు వేసి, ఫోను దగ్గరగా పెట్టి మళ్లీ తీస్తారు. సౌండ్ గురించి గంటసేపు లెక్చరు ఇచ్చినా రానిది ఇలా వస్తుంది.

జనంతో కలిసి వీడియో తీయించే చోట్ల మొదటి రోజు ఆడించే ఓ ఆట ఉంది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు ఫోను పట్టుకుని ఎదుటివాళ్లను తీస్తారు, వాళ్లు పేరూ, ఇష్టమైన కూరా చెప్తారు. తీయడం ఎలాగో పక్కవాళ్లకు చూపించి ఫోను వాళ్ల చేతికివ్వాలి. ఒక చుట్టు అయ్యాక అందరూ కలిసి చూస్తారు. ఒకరి తల తెగిపోయి ఉంటుంది, ఇంకొకరి పేరు సగంలోనే కట్ అయి ఉంటుంది. నవ్వులే నవ్వులు. వెంటనే రెండో చుట్టు తిప్పితే తలలు వాటంతటవే ఫ్రేములోకి వస్తాయి.

ఆదివారాల పద్ధతికీ లోపం లేకపోలేదు. జనం జారిపోతారు. నాలుగో వారానికి ఒకరికి పెళ్లి, ఇంకొకరికి ఊరి ప్రయాణం, పిల్లలకు అమ్మమ్మగారిల్లు. అందుకే ఏ ఆదివారానికి ఆ ఆదివారం ఒక నిమిషం సినిమా పూర్తయ్యేలా పెట్టుకోవాలి. ఎడిటింగ్ లేకుండా, షాట్లు వరసలోనే తీసుకుంటూ పోవడం. ఒక వారం రాకపోయినా ఎవరి కథా ఆగిపోదు.

ఎక్కువ రోజులు ఎందుకు పెట్టాలో తెలియాలంటే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వైపు చూడాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాల్లోని వాళ్లు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టారు. ఎక్కువమంది దళిత మహిళలు, చాలామందికి చదువు రాదు, చేసేది వ్యవసాయం. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. 2002లో బీటీ పత్తికి, అంటే పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన పత్తికి, దేశంలో అనుమతి రాగానే వరంగల్ జిల్లా రైతుల దగ్గరికి వెళ్లి, ఆ పంట సంగతి కెమెరాకెక్కించారు. ఒక్కసారి వెళ్లి మైకు ముందు పెడితే రైతు ఆ రోజు మాట ఒక్కటే చెప్తాడు. విత్తనం పెట్టినప్పుడు ఒక మాటుంటుంది, కాయ పట్టినప్పుడు ఒకటి, అమ్ముకున్నాక ఇంకొకటి. మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లకే ఈ మూడూ దొరుకుతాయి. కంటికి సమానంగా కెమెరా పెట్టి తీసేదాన్ని వాళ్లు 'సంఘం షాట్' అంటారు, సంఘంలో అందరూ సమానమే కాబట్టి. ఏ పుస్తకంలోనో చదివి నేర్చుకుంది కాదది, తీస్తూ చూస్తూ వచ్చింది. అపార్ట్‌మెంట్ వర్క్‌షాప్‌కి అంత స్థాయి రావాలని నేననను. కానీ ఆ దారి రెండు రోజుల్లో మొదలు కూడా కాదు.

మరి పిల్లల్నీ పెద్దల్నీ కలిపి కూర్చోబెట్టాలా, విడిగానా? పోస్టర్లలో 'కుటుంబమంతా కలిసి' అని ఉంటుంది, వినడానికి బాగుంటుంది. కలిపితే మాత్రం పది నిమిషాల్లో ఎవరో ఒక నాన్న డైరెక్టర్ అయిపోతాడు. 'అలా కాదురా, ఇటివ్వు' అంటాడు. ఫోను పిల్లాడి చేతిలోంచి పోతుంది, మళ్లీ రాదు. పెద్దల్ని విడిగా పెడితే ఇంకో తంటా: స్క్రిప్టు దగ్గరే ఆగిపోతారు. సందేశం ఏంటి, క్లైమాక్స్ ఏంటి అని రెండు గంటలూ టీ తాగుతూ చర్చించి ఒక్క షాటూ తీయరు. పిల్లలకు ఆ భయం లేదు, ముందు బటన్ నొక్కేస్తారు. ఉన్న మనిషిని మాయం చేసే ట్రిక్ ఒక్కటి నేర్పండి చాలు: ఫోను కదలకుండా పెట్టి తీస్తూ, మధ్యలో రికార్డింగ్ పాజ్ చేసి, ఒకర్ని పక్కకు పంపి, మళ్లీ నొక్కడం. సాయంత్రం దాకా అదే పని మీద ఉంటారు.

నా ఓటు: మొదటి రెండు ఆదివారాలు విడివిడిగా, తర్వాత కలిపి. కలిపినప్పుడు ఒక్కటే రూలు, ఫోను పిల్లల చేతిలో, మైకు పెద్దల చేతిలో. ఫ్యానులు ఆపడం, కుక్కరు కట్టేయడం, పక్కింటివాళ్లను బతిమాలడం పెద్దలకు బాగా వచ్చిన పనులే.

కెమెరానా, ఫోనా అన్నదాని మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఫోనే. కెమెరాకి పెట్టే అద్దెలో కొంత పెట్టి కాలర్ మైకులు కొనండి. 4కేలో తీసి మెమరీ నింపుకోకండి. మామూలు 1080పి వీడియోకే ఫోను సెట్టింగును బట్టి నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ దాకా పడుతుంది, పిల్లలు పది నిమిషాలు ఆపకుండా తీస్తే ఒక జీబీ దాకా పోతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే మంచి సీను మధ్యలో లోన్ కావాలా అని ఫోనొస్తుంది.

యూట్యూబ్‌లో పెట్టాలా వద్దా అన్నది చివరి వారం దాకా ఆపండి. ముందు అపార్ట్‌మెంట్ మేడ మీద తెర కట్టి, సినిమాలో కనిపించినవాళ్లకు చూపించండి. వాచ్‌మన్ కుటుంబం మీద తీసి ఉంటే వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. వాళ్లు తీసేయమన్న షాటు తీసేయండి. పిల్లల ముఖాలు ఇంటర్నెట్‌కి ఎక్కాలంటే తల్లిదండ్రుల్ని అడగాలి, పిల్లల్ని కూడా అడగాలి.

ఎంత చెప్పినా కమిటీ రెండు రోజులకే ఒప్పుకుంటుందేమో. అలాగైతే ఆ రెండింటినీ వెంటవెంటనే పెట్టకండి, మధ్యలో ఒక వారం వదలండి. మొదటి ఆదివారం తీసి, చూసి, ఏం బాగోలేదో రాసుకుని ఇంటికి వెళ్లండి, రెండో ఆదివారం ఆ సీన్లే మళ్లీ తీయండి. ఖర్చు పైసా పెరగదు, హాలు బుకింగ్ రాసే సెక్రటరీ గారు మాత్రం కాస్త గొణుక్కుంటారు.