ప్రింటర్ మార్చకుండానే పని చేసిపెట్టారు: పర్లాకిమిడి బజారులోని కంప్యూటర్ సర్వీస్ షాపు

మాది పర్లాకిమిడిలో దస్తావేజులు రాసే చిన్న ఆఫీసు. కొత్త కంప్యూటర్ పెట్టిన దగ్గర్నుంచీ ఏ ప్రింట్ ఇచ్చినా కాగితానికి రెండు వైపులా వచ్చేస్తోంది. మామూలు ఉత్తరాలకైతే ఎలాగో సర్దుకుంటాం గానీ, స్టాంపు పేపర్ మీద మొదటి పేజీ పడ్డాక ప్రింటర్ దాన్నే మళ్లీ లోపలికి లాక్కుని వెనకవైపు రెండో పేజీ కొట్టేస్తే ఆ స్టాంపు డబ్బులు ఎవరిస్తారు? ఇక్కడి స్థలం అమ్ముకోవడానికి పాతపట్నం నుంచి వచ్చిన పార్టీ ఎదురుగా కూర్చుని ఉంటే మరీ టెన్షన్. వర్డ్‌లో ‘ప్రింట్ వన్ సైడెడ్’ పెడితే ఆ పూటకి సరి, ఇంకో ఫైల్ తెరిస్తే మళ్లీ మొదటికే. ముందు పిలిచిన మెకానిక్ అయితే ప్రింటర్ పోయింది, కొత్తది కొనుక్కోండి అనేశాడు.

ఈ షాపు కుర్రాడు ప్రింటర్ మూత కూడా తీయలేదు. ‘సార్, మీ లాగిన్‌లోనేనా, మేడమ్ గారి లాగిన్‌లో కూడానా?’ అని అడిగాడు. రెండింట్లోనూ అన్నాం. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్, అందులో మా ప్రింటర్, దాని ప్రింటర్ ప్రాపర్టీస్, అక్కడ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో కింద ‘ప్రింటింగ్ డిఫాల్ట్స్’ అని బటన్ ఉంది. నొక్కితే డ్యూప్లెక్స్, అంటే రెండు వైపులా ప్రింట్ కొట్టడం, ఆన్‌లో ఉంది! ఆపేశాడు. ‘ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్’ మార్చితే ఆ లాగిన్‌కే వర్తిస్తుందట, ఈ డిఫాల్ట్స్ మాత్రం కంప్యూటర్ వాడే అందరికీ. ఎవరైనా ప్రిఫరెన్సెస్‌లో విడిగా పెట్టుకుని ఉంటే అదీ చూడాలని రెండు లాగిన్లూ తెరిచి సరిచేశాడు. క్రోమ్ తన ప్రింట్ సెట్టింగ్ తనే గుర్తుపెట్టుకుంటుందని, అక్కడ ‘మోర్ సెట్టింగ్స్’లో రెండు వైపులా అన్న టిక్కు కూడా తీయించాడు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. డివైస్ సెట్టింగ్స్‌లో డ్యూప్లెక్స్ యూనిట్టే లేదని పెట్టేయమంటే వద్దన్నాడు, ఎప్పుడైనా పెద్ద ఫైలు రెండు వైపులా తీయాల్సి వస్తే ఆ ఆప్షనే కనపడదని. ఎదురుగానే మూడు పేజీల ప్రింట్ ఇచ్చి, మూడు కాగితాలు విడివిడిగా వచ్చాకే లేచాడు.

200 రూపాయలు తీసుకున్నారు. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు. రసీదు మాత్రం అడిగితే గానీ ఇవ్వరు, మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు, అందుకని పని ఉంటే పొద్దున్నే చేయండి.