కాలవకు తూర్పా, పడమరా: ఏ ఇల్లు మేలు?

మా ఊరి పేరు చెప్పను. చెబితే ఆదివారం మీరు కూడా వచ్చేస్తారు. హైవే దిగి తూర్పుకు పోతే సముద్రం తగిలే ప్రకాశం జిల్లా ఊళ్ళలో ఒకటి అనుకోండి. కొత్తపట్నం కాదు, పాకల కూడా కాదు. వాటికి పేరుంది. మాకు బస్సుంది, అదీ పొద్దున రెండు, సాయంత్రం రెండు.

ఊరిని బకింగ్‌హాం కాలవ రెండు ముక్కలు చేసింది. మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి 1878లో పెట్టారు. ఒకప్పుడు ఉప్పూ కట్టెలూ పడవల మీద మద్రాసు దాకా పోయేవి. ఇప్పుడు మా ఊరి దగ్గర గేదెలు దిగుతున్నాయి. కాలవకు తూర్పున ఇసుక, సరుగుడు తోటలు, పల్లెపాలెం, సముద్రం. పడమర బస్టాండు, బడి, బ్యాంకు, నల్లరేగడి. మధ్యలో ఒక వంతెన. ఈ ఊరికి ట్రాన్స్‌ఫర్ మీద ఎవరొచ్చినా అద్దె ఇంటి కోసం తిరిగేటప్పుడు ఊరంతా అడిగేది ఒకటే ప్రశ్న, "తూర్పా, పడమరా?"

నేను కనిగిరి పిల్లను, మా ఆయన టీచరు. మొదట రెండేళ్ళు తూర్పున ఉన్నాం, ఇప్పుడు పడమర ఉంటున్నాం. కాబట్టి తీర్పు చెప్పే హక్కు నాకుంది. మా ఆయనకూ ఉంది గానీ, ఆయన్ని ఇక్కడ మాట్లాడనివ్వడం లేదు.

ముందు నీళ్ళ సంగతి. సముద్రానికి దగ్గరైతే ఉప్పునీళ్ళు, దూరమైతే మంచినీళ్ళు అని మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన నాలాంటిది ఎవరైనా అనుకుంటుంది. ఇక్కడ తిరకాసు. తూర్పున ఇసుకలో ఆరేడడుగులు తవ్వితే తియ్యటి నీళ్ళు. దాన్ని దొరువు అంటారు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పాల మీద మీగడలా తేలి ఉంటుంది. పైపైన తోడుకున్నంత కాలం కొబ్బరినీళ్ళే. పక్కింటాయన ఆశకు పోయి లోతుగా పైపు దించి మోటారు పెట్టాడు. వారం తిరక్కుండానే కింది ఉప్పునీళ్ళు పైకి లేచాయి, ఆయన కాఫీలో చక్కెర పని చేయడం మానేసింది. ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన నాకు ఆ దొరువు చూస్తే దణ్ణం పెట్టాలనిపించేది. పడమర బోరు నీళ్ళు గిన్నెలు తోమడానికే. తాగడానికి 20 లీటర్ల క్యాన్ కొనుక్కోవాల్సిందే. నీళ్ళ వరకు తూర్పుదే గెలుపు.

అక్కడితో తూర్పు సంతోషం అయిపోయింది, తుప్పు మొదలైంది. ఇదే జిల్లాలోని దేవరంపాడులో 1930లో ఉప్పు కోసం సత్యాగ్రహం చేశారు. మా కిటికీ ఊచలకు ఆ కష్టం లేదు, గాలే తెచ్చి పూసి పోయేది. ఆ ఉప్పు రాత్రంతా చెమ్మ పీలుస్తుంది, తెల్లారేసరికి ఇనుము ఎర్రబడుతుంది. తలుపు గడియ తీయాలంటే ముందు కొబ్బరినూనె, తర్వాత బుజ్జగింపు, చివరికి పచ్చడిబండ. ఒకసారి పెళ్ళికి కట్టుకుని వచ్చిన గద్వాల చీర పిన్నీసు తీయకుండానే మడిచి బీరువాలో పెట్టా. నెల తర్వాత తీస్తే భుజం దగ్గర సరిగ్గా పిన్నీసు ఆకారంలో ఎర్ర మరక, అచ్చు వేసినట్టు. నిమ్మకాయ రుద్దా, పెరుగు రుద్దా, చివరికి మా ఆయన మీద అరిచా. మరక అట్టాగే ఉంది. వంటింట్లో ఉప్పు డబ్బా తెరిస్తే అడుగున నీళ్ళు, అప్పడాలు కాగితాల్లా వంగేవి. పడమర ఇంట్లో ఇనుము ఇనుములాగే ఉంది. మధ్య దూరం రెండు కిలోమీటర్లే!

చేపల విషయంలో మాత్రం నాకూ మా ఆయనకూ ఇప్పటికీ తగువే. తూర్పున పడవ ఒడ్డుకొచ్చాక గంప లెక్కన పాట పెడతారు. మొదటిసారి మా ఆయన వెళ్ళి "అరకిలో నెత్తళ్ళు ఇవ్వండి" అన్నారట. "సారూ, ఇది కిరాణా కొట్టు కాదు" అని అక్కడి ఆడవాళ్ళు నవ్వారు. పంతులుగారికి రోషమొచ్చింది. గంప మొత్తం పాడి, ఆటోలో వేసుకుని ఇంటికొచ్చారు.

"ఏందండీ ఇది?"

"తాజా సరుకు."

"ఇంట్లో ఉండేది ముగ్గురం."

"తక్కువలో వచ్చిందే!"

ఆరోజు పులుసు, మర్నాడు వేపుడు, ఫ్రిజ్జులో పాలకు చోటు లేదు. మిగిలింది డాబా మీద ఎండబెట్టాం. పాలెంలో పిల్లులన్నీ మా డాబా మీద మహాసభ పెట్టాయి. మా అత్తయ్య కర్ర పట్టుకుని నాలుగు రోజులు కాపలా. పడమరైతే మోపెడ్ మీద ఐసుపెట్టె కట్టుకుని ఒకాయన వస్తాడు, హారన్ కొడతాడు, అరకిలో అంటే అరకిలో, కోసి మరీ ఇస్తాడు. పొద్దుటి చేపే, కాకపోతే వంతెన దాటి వచ్చేసరికి రేటు కూడా పెరుగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం కాబట్టి, అప్పుడు రెండు వైపులా గుడ్ల కూరే ఎక్కువ.

మాకు వానంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తూర్పున ఎంత వాన పడ్డా గంటలో ఇసుక తాగేస్తుంది, ముగ్గు వేసుకోవచ్చు. పడమర రేగడిలో ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు నేలకు. కానీ తుపాను హెచ్చరిక వస్తే లెక్క మారుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందే తూర్పు వాళ్ళందరినీ బడికి తరలించారు. సర్టిఫికెట్లు తీసుకోమని మా అత్తయ్యను లోపలికి పంపితే, ఆవిడ ఆవకాయ జాడీ చంకనేసుకుని వచ్చింది. "కాగితాలు మళ్ళీ ఇస్తారు, ఇది ఎవరిస్తారు?" అంది. బడిలో ఆ రెండు పూటలూ మాకున్న గౌరవం ఇంకెవరికీ లేదు. ఇప్పుడు పడమర ఉన్నాం కాబట్టి జాడీ అలమరలోనే ఉంటుంది.

అసలు విషయం చుట్టాలు. తూర్పు ఇంట్లో ఉండగా కనిగిరి, పొదిలి, మార్కాపురం నుంచి మేము పెళ్ళిళ్ళలో కూడా చూడని బంధువులు బయటపడ్డారు. కార్తీక పౌర్ణమికి స్నానానికి 17 మంది. మేనత్త తోడికోడలి చెల్లెలు ఫోన్ చేసి, "ఏమ్మా బాగున్నావా, సముద్రం బాగుందా?" అని రెండూ ఒకే గొంతుతో అడిగింది. వచ్చిన ప్రతివాళ్ళూ పావుకిలో ఇసుక మోసుకొచ్చి మా బాత్రూంలో వదిలేవాళ్ళు. కాలవ పూడ్చడానికి వందేళ్ళు పట్టింది, మా తూము పూడ్చడానికి ఒక్క కార్తీకం చాలింది. పడమరకు మారాక అదే అత్త, "సముద్రం దూరమైపోయిందంట కదమ్మా, పోనీలే, ఇంకోసారి వస్తాం" అంది. రెండు కిలోమీటర్లకు ఇంత మహిమ ఉంటుందని ముందే తెలిస్తే మొదటి నెలే మారేవాళ్ళం.

ఇదంతా కలిపి చూస్తే నా ఓటు పడమరకే, తొలి బస్సు హారన్‌తో తెల్లవారుజామున లేవాల్సి వచ్చినా సరే. ఒక్క మే నెల మాత్రం మినహాయింపు.

మే నెలలో పడమటి గాలి కొడుతుంటే ఒంగోలు వైపు 44, 45 డిగ్రీలకు పోతుంది. ఆ వేడిగాలి గట్టిగా ఉన్నంతసేపూ సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. మధ్యాహ్నం రెండు దాటాక ఊరంతా ఒకటే ఎదురుచూపు. తూర్పింట్లో ఉన్న వదినకు ఫోన్ చేస్తా.

"మళ్ళిందా?"

"లేదమ్మా. ఆకు కూడా కదల్లేదు."

మూడింటికి మళ్ళీ నేనే చేస్తా. మాట మధ్యలో అటువైపు తలుపు టపామని కొట్టుకున్న చప్పుడు. "మళ్ళింది, మళ్ళింది!" అని ఫోన్ పెట్టేస్తుంది. నేను గోడ మీద క్యాలెండర్ వంక చూస్తూ కూర్చుంటా. పది నిమిషాలకు మే నెల కాగితం అంచు కొద్దిగా లేస్తుంది, వెనక జూన్ కనిపిస్తుంది, మళ్ళీ వాలుతుంది. కొన్ని రోజులు ఆ గాలి కాలవ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు నా తీర్పు మీద నాకే అనుమానం.

మొన్న వదినే అంది, "మే నెల మా మేడ మీద గది ఖాళీగానే ఉంటుంది, వచ్చి ఉండండి" అని. మా ఆయన అప్పుడే చాప చుట్టేశారు. నేను ఫోన్ తీసి మా మేనత్త మనవళ్ళకు బడి ఎప్పుడు తెరుస్తారో కనుక్కున్నా. జూన్ 12 అంట.

చాప విప్పి మళ్ళీ మూల పెట్టించా.