ఛాంపియన్ల వెంట ఒక సీజన్: అడిలైడ్ గది, ఎమ్‌సీజీ పులిహోర

2023 సెప్టెంబర్ 30న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో (ఎమ్‌సీజీ) ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఫైనల్. మా మెల్‌బోర్న్ జట్టు కాలింగ్‌వుడ్ నాలుగు పాయింట్ల తేడాతో బ్రిస్బేన్‌ని ఓడించి కప్పు కొట్టింది. ఆ రాత్రే మావాడు మాట తీసుకున్నాడు, "నాన్నా, వచ్చే ఏడాది మనమూ వీళ్ల వెంట తిరుగుదాం" అని. గెలిచిన ఊపులో సరే అనేశాను. ఆ "సరే" ఖరీదెంతో తర్వాత తెలిసింది.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఒక్కో జట్టుకి గ్రౌండులో 18 మంది, కోడిగుడ్డు ఆకారంలో బంతి, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య సందులోంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోకి పోతే 1. ఆ ఫైనల్లో గోల్స్ బ్రిస్బేన్‌వే ఎక్కువ, 13. మావాళ్లవి 12. పక్కకి పోయిన 18 బంతులు గట్టెక్కించి 90–86తో కప్పు తెచ్చిపెట్టాయి.

2024లో మొదటి మ్యాచ్ మార్చి 9న సిడ్నీలో, జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) జట్టుతో. గ్రౌండ్ ఒలింపిక్ పార్క్‌లో ఉంది. అక్కడ హోటల్ తీసుకోవద్దని నా సలహా. మ్యాచ్ లేనప్పుడు చుట్టుపక్కల కాలక్షేపం తక్కువ. మేం హారిస్ పార్క్ దగ్గర దిగాం. రోడ్డు మీదికొస్తే దోశ దొరుకుతుంది, రైలెక్కి లిడ్‌కోమ్‌లో మారితే గ్రౌండ్. బస బాగుంది, దోశ బాగుంది, ఆట బాగాలేదు. 32 పాయింట్ల తేడాతో ఓడారు. తర్వాత సొంతూళ్లో మరో రెండు ఓటములు. పోయినేడు గెలిచినవాడి ఎత్తులన్నీ మిగతా 17 జట్లూ సెలవుల్లో కూర్చుని చదువుకుని వస్తాయి కాబోలు.

ఇక అడిలైడ్. ఏప్రిల్‌లో 'గ్యాదర్ రౌండ్' అని ఒక వారాంతం మొత్తం తొమ్మిది మ్యాచ్‌లూ సౌత్ ఆస్ట్రేలియాలోనే ఆడతారు. అంటే 18 జట్ల అభిమానులూ ఒకే ఊరి మీద పడతారు. సిటీలో ముందుగానే ఒక అపార్ట్‌మెంట్ బుక్ చేశాను. రెండు వారాల ముందు "క్షమించండి, మీ బుకింగ్ రద్దయింది" అని ఈమెయిల్. డబ్బు వెనక్కొచ్చింది కానీ అప్పటికి గ్లెనెల్గ్ బీచ్ వైపు రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. చివరికి గంట దూరంలో మర్రే బ్రిడ్జ్‌లో మోటెల్ దొరికింది. పాత మంచాలు, శుభ్రమైన దుప్పట్లు, గది ముందే కారు. మెల్‌బోర్న్ నుంచి వచ్చే దారిలోనే ఉంది కాబట్టి మాకు అదే మేలైంది.

ఉదయం ఐదింటికి మెల్‌బోర్న్ శివార్లలోని మా టార్నీట్‌లో బయల్దేరాం. అడిలైడ్ దాకా 700 కిలోమీటర్ల పైనే. బలరాట్, హోర్షమ్ దాటాక రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది, నిద్ర ముంచుకొస్తుంది. సౌత్ ఆస్ట్రేలియాలోకి పళ్లు తీసుకెళ్లడం మీద గట్టి ఆంక్షలున్నాయి, పండు ఈగ భయం. అందుకని బోర్డర్ ముందు కారాపి, మా ఆవిడ పెట్టిన ద్రాక్షలన్నీ నిలబడే తినేశాం.

ఆదివారం పొద్దున తమాషా. కారు గడియారంలో తొమ్మిదిన్నర, గది గోడ మీద తొమ్మిది, ఫోన్‌లో ఎనిమిది. మెల్‌బోర్న్‌కీ అడిలైడ్‌కీ అరగంట తేడా, పైగా సరిగ్గా ఆ రాత్రే వేసవి టైము ముగిసి గంట వెనక్కి జరిగింది. లేటైపోయిందని మా ఆవిడ హడావుడిగా తల దువ్వుకుంటుంటే మావాడు ఫోన్ చూపించాడు. ఆమె మళ్లీ పడుకుంది.

కొండ మీద క్రాఫర్స్‌లో కారు పెట్టి బస్సెక్కి సిటీలో దిగాం. రైల్వే స్టేషన్ పక్కనుంచి టొరెన్స్ నది మీద నడక వంతెన దాటితే అడిలైడ్ ఓవల్. నేను చూసిన గ్రౌండ్లలో అందమైనది ఇదే. ఒక చివర గడ్డి దిబ్బ, దాని వెనక పెద్ద చెట్లు, 1911 నాటి స్కోర్‌బోర్డు, అవతల చర్చి గోపురాలు. ఆ స్కోర్‌బోర్డు అంకెల్ని ఇప్పటికీ మనుషులే మారుస్తారు. 2003లో మన లక్ష్మణ్ 148 కొట్టింది, ద్రావిడ్‌తో 303 పరుగులు జోడించింది ఇక్కడేనని మావాడికి చెప్పాను. "అది క్రికెట్ కదా నాన్నా" అన్నాడు. హాథోర్న్ మీద ఐదు పాయింట్ల తేడాతో గెలిచాం. టెన్షన్‌కి నా గొంతు పోయింది.

చీకట్లో మర్రే బ్రిడ్జ్‌కి తిరిగి నడపడమే కష్టం, ఎక్కడ కంగారూ అడ్డొస్తుందోనని. సోమవారం ఇంటికి, మంగళవారం క్రోధి నామ ఉగాది. ఎండు వేపపూత ఇండియన్ షాపు ప్యాకెట్‌లోది. పంచాంగంలో ఆదాయ వ్యయాలు వినకముందే కార్డు బిల్లులో వ్యయం కనబడింది.

దూరాలు తిరిగాం కానీ, ఆ ఏడాది మొత్తంలో ఒక్కటే చూడమంటే సొంతూళ్లో ఏప్రిల్ 25, ఆంజాక్ డే (యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రోజు) మ్యాచ్ చూడమంటాను. కాలింగ్‌వుడ్, ఎసెండన్ జట్లు 1995 నుంచి ఆ రోజున ఆడుతున్నాయి. సెలవు రోజు కాబట్టి మైకీ అనే రవాణా కార్డు మీద ఎంత తిరిగినా పెద్దవాళ్లకి ఆ ఏడాది 7.20 డాలర్లే అయింది. రిచ్‌మండ్‌లో దిగి జనంతో పాటు నడిస్తే చాలు, దారి అడగక్కర్లేదు. షేన్ వార్న్ స్టాండ్ పై అంతస్తులో సీట్లు తీసుకున్నాం. పైనుంచి ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారు, కానీ ఆట ఎటు కదులుతోందో అక్కడినుంచే అర్థమవుతుంది. కొత్తవాళ్లకి కింది సీట్ల కన్నా అదే నయం.

తిండి విషయానికొస్తే, శాకాహారులకి అక్కడ ఎక్కువగా చిప్స్, వేడి జామ్ డోనట్లే గతి. కానీ ఎమ్‌సీజీలోకి ఇంటి తిండి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు, మద్యం లాంటివి లేకపోతే చాలు. డబ్బాలో పులిహోర పట్టుకెళ్లాం. మూత తీస్తుండగా మైకులో నిశ్శబ్దం పాటించమన్నారు. బూరా మీద 'లాస్ట్ పోస్ట్' మొదలైంది. 93,644 మంది నిలబడ్డారు, దగ్గు కూడా వినబడలేదు. మా ఆవిడ చేతిలో మూత సగం తెరిచి అలాగే ఉండిపోయింది, ఇంగువ వాసన వస్తోంది. ముందు వరసలో మెడల్స్ పెట్టుకున్న పెద్దాయన ఒక్కసారి వెనక్కి చూశాడు. నాకు సిగ్గేసింది. అంతా అయ్యాక ఆయనే తిరిగి అదేమిటని అడిగి, ఒక చెంచా రుచి చూసి, పల్లీలు బాగున్నాయన్నాడు.

మ్యాచ్ 85–85, డ్రా. సైరన్ మోగాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. 1995లో మొదటి ఆంజాక్ మ్యాచ్ కూడా డ్రాయేనట, 111–111. ఆ సంగతి చెప్పింది ఆ పెద్దాయనే.

మే నెలలో పెర్త్‌లో మరో డ్రా. విమాన టికెట్ల ధర చూసి ఆ మ్యాచ్ టీవీలోనే చూశాం.

జూన్ 16 ఆదివారం మార్వెల్ స్టేడియం. సదర్న్ క్రాస్ స్టేషన్ నుంచి వంతెన దాటితే గేటు, పైన మూసుకునే కప్పు, మెల్‌బోర్న్ చలికాలానికి ఇంతకన్నా సుఖం లేదు. అందం మాత్రం అడక్కండి, పెద్ద షెడ్డులో కూర్చున్నట్టుంటుంది. నార్త్ మెల్‌బోర్న్ 54 పాయింట్లు ముందుకెళ్లిపోయింది. ముందు రైలు అందుకుందామని లేచాను. మావాడు జాకెట్ పట్టుకుని లాగాడు, "ఇంకొక్క క్వార్టర్ నాన్నా." ఒక్క పాయింట్ తేడాతో గెలిచాం. వాడు ఇప్పటికీ దెప్పుతుంటాడు.

చివరికి 12 గెలుపులు, రెండు డ్రాలు, లీగ్ పట్టికలో 52 పాయింట్లు. ఎనిమిదో స్థానంలోని కార్ల్టన్‌వీ 52 పాయింట్లే, కానీ పర్సెంటేజీలో (చేసిన స్కోరుకీ ఇచ్చిన స్కోరుకీ నిష్పత్తి) వాళ్లు ముందున్నారు. అప్పట్లో మొదటి ఎనిమిది జట్లకే ఫైనల్స్, మాది తొమ్మిదో స్థానం. కప్పు బ్రిస్బేన్ ఎత్తుకెళ్లింది. ఆ డిసెంబర్‌లో అదే ఎమ్‌సీజీలో మన విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాకే మా ఇంట్లో మళ్లీ నవ్వులు.

2025 గ్యాదర్ రౌండ్‌కి మర్రే బ్రిడ్జ్ మోటెల్‌కి నేరుగా ఫోన్ చేసి అదే గది మాట్లాడాను.

"పండగెప్పుడో చూసే బుక్ చేశారా?" అంది మా ఆవిడ.

"మార్చి 30. ఆట ఏప్రిల్‌లో."

"అయితే ద్రాక్షలు కొనొద్దు" అంది.